కుడి చివర

ప్రెస్సువాళ్లు పంపిన చేతుల డాక్టరు ఇంటికొస్తున్నాడని తెలిసి కొలబద్ద పొద్దున్నే షాపుకెళ్లి గడ్డం గీయించుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టించుకోవడానికి భార్య ముందు నిలబడి, ఫొటో దిగబోయే మనిషిలా గోడ వంక చూస్తూ ఉండిపోయాడు.

పదిహేడేళ్లు ప్రెస్సులో కాగితం కోసినవాడు. స్కేలు పెట్టకుండానే దొంతరలో అర మిల్లీమీటరు వంకర కనిపెట్టేవాడు కాబట్టి కొలబద్ద అన్న పేరు అతుక్కుపోయింది. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఎనిమిది నెలల కిందట ఆ మనిషి కుడిచెయ్యి కటింగ్ మెషీనులో దొంతరని అదిమిపట్టే క్లాంపు కింద నలిగింది. చెయ్యి పోలేదు. పోయుంటే చూడగానే తెలిసిపోయేది, ఈ పరీక్షలతో, డాక్టర్లతో పనుండేది కాదు. అయిదు వేళ్లూ ఉన్నాయి, గోళ్లతో సహా ముచ్చటగానే ఉన్నాయి. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం ఒకదాన్నొకటి కలుసుకోవడం మానేశాయి.

"ఏం చెప్పాలో గుర్తుందా?" అంది భార్య, పై బొత్తం పెడుతూ.

"ఏముంది గుర్తుండడానికి? అడిగిందానికి చెప్తా."

"వేళ్లకి సరిగ్గా తెలియడం లేదని చెప్పండి. గ్లాసులు జారిపోతున్నాయని చెప్పండి."

"మొన్నెప్పుడో ఒకటి జారింది."

"ఈ వారంలోనే నాలుగు."

"అవి పాతవే," అన్నాడు కొలబద్ద. గ్లాసు పాతబడితే చేతిలోంచి దూకేస్తుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

ఆమెదీ ఆ ప్రెస్సే. పై అంతస్తులో డీటీపీ చేస్తుంది; పుస్తకాల పేజీలూ, ఆఫీసు ఉత్తరాలూ, ఎవరికేం పని వెయ్యాలో చెప్పే ఆర్డర్లూ అన్నీ ఆమె కంప్యూటరు మీంచే వెళ్లాలి. అందుకని ఏం జరగబోతోందో ఆమెకి బాగా తెలుసు. డాక్టరు ఈ చెయ్యి మెషీనుకి పనికిరాదని రాస్తే కొలబద్ద చెకింగ్ బల్ల దగ్గర కూర్చుని పేజీలు సరిచూసుకుంటాడు. పనికొస్తుందని రాస్తే మళ్లీ ఆ మెషీను దగ్గరికే. దాని బ్లేడు దిగాలంటే రెండు చేతులూ రెండు బొత్తాల మీద ఉండాలి, మనుషుల మేలుకే అలా పెట్టారు. క్లాంపుకి ఆ బుద్ధి లేదు. అది కాలితో తొక్కితే దిగుతుంది. దొంతర సర్దుతున్న చెయ్యి ఇంకా లోపలుండగానే కాలు తొందరపడొచ్చు. వేళ్లు బాగున్నప్పుడే ఒకసారి ఆ పని అయింది. ఇప్పుడు వేళ్లకి స్పర్శే సగం లేదు. లోపలున్నాయో బయటున్నాయో క్లాంపు చెబితే తప్ప తెలియదు.

డాక్టరు పదింటికొచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి, బట్టతల, మోచేతుల దగ్గర పల్చబడిన కోటు. చెప్పులు గుమ్మం పక్కన జతగా పెట్టి లోపలికొచ్చి, ఒక ఉక్కు పరికరం తీసి కొలబద్ద కుడిచేతిలో పెట్టాడు.

"మీకు వీలైనంత నొక్కండి."

మెల్లిగా నొక్కొచ్చు. అసలు నొక్కకపోయినా అడిగేవాడు లేడు. కానీ కొలబద్దకి చేతకానిది అదొక్కటే. పళ్లు బిగించాడు, మెడనరాలు పైకొచ్చాయి, భుజం బలమంతా మణికట్టులోకి తోసి, అరచేత్తో ఆ పరికరాన్ని తన తొడకేసి అదిమాడు. ముల్లు సగం దాకా వెళ్లింది.

"పర్వాలేదే," అన్నాడు డాక్టరు.

"ఇవాళ కొంచెం బద్ధకంగా ఉంది సార్," అన్నాడు కొలబద్ద. వంటగది గుమ్మంలో నిలబడ్డ భార్యకి ఆ మగమహారాజు నెత్తిమీద ఒకటి మొట్టాలనిపించింది.

డాక్టరు పరికరం సంచిలో పెట్టుకుంటూ మూలనున్న కంప్యూటరు వంక చూశాడు. తెర మీద మంచు కొండా, కొండ కింద వాగూ, వాగు ఒడ్డున కత్తి పట్టుకుని కదలకుండా నిలబడ్డ వీరుడూ కనిపించారు.

"ఇదేమిటి? ఆ కొండల ఆటేనా?"

కొలబద్ద మొహం వెలిగిపోయింది. "మీకు తెలుసా సార్?"

"తెలియకేం? ఇరవై ఏళ్ల కిందట దీంతోనే కదండీ నేను ఒక పరీక్ష తప్పింది! ఇప్పుడు ఎవరాడుతున్నారు దీన్ని? ఇప్పటి ఆటల్లో ఎక్కడికెళ్లాలో బాణం గుర్తేసి మరీ చూపిస్తారు."

"దీంట్లో ఎవడో ముసలాడు 'వాగు దాటి, ఎడమ బాట పట్టి, ఎండిన చెట్టు దగ్గర దక్షిణానికి తిరుగు' అంటాడు. అంతే! మనమే రాసుకోవాలి."

"ఆ ముసలాడు కూడా ఒక్కోసారి తప్పు చెప్తాడు."

"చెప్తాడు సార్! దక్షిణం అన్నాడని నేను రెండు రోజులు తిరిగా. అది పడమర!"

"పరిగెడితే ఆయాసం, ఆయాసంతో కత్తి ఎత్తితే ఎదుటివాడికి తగలదు."

"తగలదు! ఎదురుగానే ఉంటాడు, అయినా తగలదు!"

ఇద్దరూ ఒకే బడిలో తన్నులు తిన్నవాళ్లలా నవ్వుకున్నారు. భార్య టీ తెచ్చి ఇస్తే డాక్టరు కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు. కీబోర్డు మీద ఎడమవైపు పన్నెండు కీలకి చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి: కత్తి, డాలు, గెంతు, మంత్రం, నక్కి నడువు. ఆమే పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, కోసి, అంటించింది. అసలు ఆటలో కత్తి దూయడానికి కుడిచేతి వేలు కావాలి, నడవడానికి ఎడమచెయ్యి, డాలు అడ్డం పెట్టడానికి మళ్లీ కుడిచెయ్యే. వాటన్నింటినీ ఆమె ఎడమచేతి కిందికి మార్చింది. మౌసు ఒక్కటే కుడివైపు ఉంది. దాన్ని కొలబద్ద పట్టుకోడు, అరచేత్తో నెడతాడు.

"కుడిచెయ్యి మౌసు పడుతోందా?" అన్నాడు డాక్టరు.

"గట్టిగా పడుతోంది సార్."

ఆమె పళ్లెం అంచు బిగించి పట్టుకుంది.

"మరి చుక్క ఎక్కడ పెట్టుకున్నారు?"

ఆ ఆటలో కష్టం ఎంత ఉండాలో చెప్పే గీత ఒకటుంటుంది. గీత మీద చుక్క. చుక్కని ఎడమకి జరిపితే శత్రువు దెబ్బ దూదిలా పడుతుంది, కుడికి జరిపితే ఎలుక కూడా మనిషిని చంపేస్తుంది. ఆట ఆడినవాళ్లు ఒకరినొకరు మొట్టమొదట అడిగేది అదేనట.

"కుడి చివర," అన్నాడు కొలబద్ద.

"చివరా?"

"ఇక జరపడానికి చోటు లేదు సార్. ఆడితే అలాగే ఆడాలి. కుర్రతనంలోనూ అలాగే ఆడాను."

"అమ్మో! నేను కుడికి జరిపిన మొదటి రోజే తోడేలు ఒక్క కాటుతో నా పని సరిపెట్టింది," అన్నాడు డాక్టరు. "కాస్త ఆడి చూపించండి, చూద్దాం."

కొలబద్ద కాగితం ముక్కల మీద ఎడమచేతి వేళ్లు పరిచాడు. వీరుడు వాగు దాటాడు, గుట్ట ఎక్కాడు. పొదల్లోంచి మూడు తోడేళ్లు ఒక్కసారిగా మీద పడ్డాయి. ఎడమచెయ్యి టకటకా ఆడింది. డాలు, కత్తి, గెంతు, కత్తి. మూడు తోడేళ్లూ కరిచాయి, ఒకటైతే రెండుసార్లు కరిచింది. తెర అడుగున ప్రాణం చూపించే ఎర్ర గీత గోరంత తగ్గి ఆగిపోయింది. తోడేళ్లు ఒకదాని తర్వాత ఒకటి పడిపోయాయి.

డాక్టరు తోడేళ్లని చూడటం లేదు, ఎర్ర గీతని చూస్తున్నాడు. తర్వాత కీబోర్డు వంక చూశాడు. "అన్నింటికీ కాగితం అంటించారు, ఆట మార్పులు చేసుకునే కీకి మాత్రం అంటించలేదే?"

"దాంతో ఆయనకి పనేముంది సార్," అంది ఆమె, తొందరగా.

డాక్టరు ఆమె వంక చూశాడు. చూడాల్సినదానికంటే ఒక్క క్షణం ఎక్కువసేపే చూశాడు. ఈవిడేదో దాస్తోంది, మొగుడికి బాగానే ఉన్నా నటింపజేస్తోంది అనుకుంటున్నాడని ఆమెకి అనిపించింది. అతను చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు, చాలాసేపు రాసుకున్నాడు.

"గొప్ప ఆటగాడండీ మీరు," అన్నాడు లేస్తూ. కొలబద్ద గుమ్మం దాకా వెళ్లి సాగనంపాడు. ఎనిమిది నెలల్లో ఆ మనిషి అంత నిటారుగా నడవడం ఆమె చూడలేదు.

ఆమె దాచిన మాట నిజమే, కానీ డాక్టరు అనుకుంటున్నాడని ఆమె అనుకున్నది కాదు. దెబ్బ తగిలాక ఆ పాత ఆట ఇంటికి తెచ్చిన మొదటి రోజు చుక్కని కుడి చివరికి జరిపింది కొలబద్దే. నేలమాళిగలో ఒక ఎలుక పద్నాలుగుసార్లు చంపింది అతన్ని. పద్నాలుగోసారి మౌసు గోడకేసి కొట్టి, పెరట్లోకెళ్లి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని వీపు చూస్తేనే తెలిసింది ఆమెకి. అప్పుడు కూర్చుని కీలన్నీ ఎడమచేతి కిందికి మార్చింది. మార్చి, చుక్కని ఎడమ చివరికి లాగేసింది. చుక్క ఉండే పేజీ మళ్లీ తెరుచుకోకుండా దాని కీ తీసేసింది. "కీలు మార్చాను, ఇప్పుడు ఆడండి" అని మాత్రం చెప్పింది. ఎలుక మూడు దెబ్బలకి చచ్చింది. దెబ్బ తగిలాక మొదటిసారిగా ఆ రోజు కొలబద్ద మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. అదంతా చెడగొట్టే ధైర్యం ఆమెకెక్కడిది?

గురువారం మధ్యాహ్నం మేనేజరు మెట్లెక్కి పైకొచ్చాడు. మామూలుగా ఇంటర్‌కమ్‌లో అరిచే మనిషి మెట్లెక్కాడంటే ఏదో కావాలని అర్థం. ఆమె బల్ల మీద ఒక లెక్కల పుస్తకం పడేశాడు.

"తెరువమ్మా."

తెరిచింది. పేజీ అంచు ఏటవాలుగా తెగి, కుడివైపు అంకెలు సగం సగం పోయాయి. ఎనిమిది కాస్తా మూడైంది.

"కొత్తవాడు కోశాడు. రెండు వేల పుస్తకాలు ఇలాగే వచ్చాయి. బడి వాళ్లు వాటిని నా మొహాన కొట్టారు. మీవారుంటే ఇలా అయ్యేదా?"

"అయ్యేది కాదు సార్."

"మరి! కుడి చివర ఆడతాడటగా మీవారు?"

ఆమె చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"ప్రెస్సు ఎదుటి టీ కొట్టు దగ్గర చెప్పాడులే. డాక్టరుగారే మెచ్చుకున్నారట. మూడు తోడేళ్లని ఒంటిచేత్తో... కాదు కాదు, రెండు చేతులతో! 'కుడిచెయ్యి మౌసు గట్టిగా పడుతోందని డాక్టరుతోనే చెప్పా' అన్నాడు." మేనేజరు నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు, నిజంగానే సంతోషంగా ఉన్నాడు, అదే ఇంకా భయంగా ఉంది. "పన్నెండు కీలు నొక్కగలిగినవాడు రెండు బొత్తాలు నొక్కలేడా అమ్మా? రేపు డాక్టరు రిపోర్టు తెస్తున్నారు. ముగ్గురం కూర్చుని తేల్చేద్దాం. నువ్వూ రా, ఏమనుకున్నామో రాసుకోవాలి కదా."

అతను దిగిపోయాక ఆమె ఆ పుస్తకాన్ని చాలాసేపు అలాగే చూసింది. టీ కొట్టు దగ్గర మొగుడు ఎలా చెప్పి ఉంటాడో కళ్లకి కట్టినట్టు కనిపించింది. ఎడమచేత్తో గ్లాసు, కుడిచెయ్యి జేబులో. ఆ నోటికి తాళం వేసే కీ ఏ కీబోర్డు మీదా లేదు.

ఆ సాయంత్రం ఆరింటికి ఆమె ఇంటికొచ్చేసరికి అతను ఆటలోనే ఉన్నాడు. చెప్పులు విప్పుతుండగానే, "కొండ మీది కోట పడిపోయింది!" అని కేకేశాడు. "ఆ రాక్షసుణ్ణి చూడాల్సింది నువ్వు! గద ఎత్తితే తెర సగం నిండిపోయింది. నేను ఊరుకున్నానా? వెనక్కి, పక్కకి, డాలు, పొడువు. వెనక్కి, పక్కకి, డాలు..."

"టీ కొట్టు దగ్గర ఎందుకు చెప్పారు?"

అతని ఎడమచెయ్యి ఆగింది. "ఏం చెప్పాను?"

"మేనేజరు పైకొచ్చాడు. మీరు మౌసు గట్టిగా పట్టుకుంటారటగా. మిమ్మల్ని సోమవారం మెషీను ఎక్కించడానికి తయారుగా ఉన్నాడు."

కొలబద్ద కుర్చీ వెనక్కి జరిపాడు. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, దాన్ని ఎవరో ఇచ్చి వెళ్లిన సామానులా చూశాడు.

"నేను దాని దగ్గరికి వెళ్లలేను," అన్నాడు.

ఆమె మెల్లిగా నేల మీద కూర్చుంది.

"మొన్న టీ తాగడానికి వెళ్తే ప్రెస్సులోంచి క్లాంపు పడిన చప్పుడు వినపడింది. గ్లాసు వదిలేశాను. అందరూ చెయ్యి జారిందనుకున్నారు. చెయ్యి కాదు... భయం. ఒళ్లంతా చెమట పట్టేసింది. నావల్ల కాదే. నన్ను మళ్లీ దాని ముందు నిలబెడితే మొదటి దొంతరకే చెయ్యి లోపల మర్చిపోతాను."

"ఇదే డాక్టరుకి చెప్పొచ్చుగా? ఇదే చెప్పమనేగా నేను మొత్తుకున్నది!"

"ఎలా చెప్పను? వచ్చి ఆట గురించి అడిగాడు. ఎనిమిది నెలల తర్వాత నన్నో మనిషి చెయ్యి గురించి కాకుండా ఇంకో సంగతి అడిగాడు." కీబోర్డు వంక తిరిగాడు. "అయినా అది వేరు, ఇది వేరు. ఆయనకి తెలుస్తుంది. ఆ ఆట ఆడినవాడు అన్యాయం చెయ్యడు."

"ఆ ఆట ఆడినవాడు! మహా గొప్ప సర్టిఫికెట్టు!"

"నువ్వు ఆడలేదు కాబట్టి నీకు తెలియదు," అన్నాడు కొలబద్ద, నమ్మకంగా. "నన్నిక్కడ ఎవరూ గెలిపించలేదు. బాణం గుర్తు లేదు, దయ లేదు. నా అంతట నేను గెలిచాను. అదొక్కటి మిగిలింది కాబట్టి పొద్దున్నే లేస్తున్నాను."

చెప్పేద్దామనే నోరు తెరిచింది ఆమె. ఆ చివరి మాట విన్నాక మూసేసింది. లేచి బియ్యం కడగడానికి వెళ్లింది. వెనక మళ్లీ టకటకమని కీల చప్పుడు మొదలైంది. కడిగిన బియ్యమే మూడుసార్లు కడుగుతూ ఆమె లోపల లెక్క తేల్చుకుంది. చెయ్యి కావాలా, ఆట కావాలా? మొగుడి పొగరు ముక్కలైతే అతికించుకోవచ్చు. వేళ్లు ముక్కలైతే ఎవరతికిస్తారు?

శుక్రవారం పదకొండింటికి మేనేజరు గదిలో నాలుగు కుర్చీలు వేశారు. కింద మెషీను పని నడుస్తోంది, బల్ల మీది నీళ్ల సీసాలో నీరు సన్నగా వణుకుతోంది. డాక్టరు ఒక గోధుమరంగు కవరు బల్ల మీద పెట్టాడు. కొలబద్ద అదే ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఆమె ఒక పక్కగా కాగితాలూ పెన్నూ పట్టుకుని కూర్చుంది.

"ముందు రిపోర్టు చదివేయండి," అన్నాడు డాక్టరు. "తర్వాత మాట్లాడుకుందాం."

"చదువుదాం సార్, అదెక్కడికి పోతుంది? కవరు మీ ముందే ఉందిగా," అన్నాడు మేనేజరు. కవరు తన వైపు లాక్కుని దాని మీద మోచెయ్యి పెట్టుకున్నాడు. "ముందు మా కొలబద్ద నోటితో విందాం. ఏమోయ్, కోట దాకా వెళ్లావటగా?"

"నిన్న అదీ కూలింది సార్," అన్నాడు కొలబద్ద. ఆపుకోలేకపోయాడు, పెదవుల మీద నవ్వొచ్చేసింది.

"చూశారా డాక్టరుగారూ! మన కటింగ్ మెషీనుకి ఉన్నవే రెండు బొత్తాలు. ఈ మనిషి కుడి చివరన కోటలు కూలుస్తున్నాడు. ఇక మీరూ నేనూ కలిసి తేల్చేదేముంది?"

కొలబద్ద నవ్వు అలాగే ఉంది గానీ దాని కింద మొహం తెల్లబడింది. కుడిచేతిని ఎడమచేత్తో బల్ల కిందికి లాక్కున్నాడు. అతను డాక్టరు వంక చూస్తున్నాడు. డాక్టరు మాత్రం మేనేజరు మోచేతి కిందున్న కవరు వంకే చూస్తున్నాడు. డాక్టరూ మేనేజరూ ముందే మాట్లాడేసుకున్నారు అనుకుంది ఆమె.

"కుడి చివర కాదు," అంది.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"ఆయన ఆడేది కుడి చివర కాదు సార్. ఎడమ చివర. అన్నిటికన్నా తేలికైనది. నేనే మార్చాను."

"అమ్మా," అన్నాడు డాక్టరు, "ఆగండి. ఇప్పుడది అవసరం లేదు."

"ఎందుకు అవసరం లేదు? మీరు రాసినదంతా దాన్నిబట్టేగా?" ఆమె గొంతు పెరిగింది. "ఆ మౌసు ఆయన పట్టుకోరు, అరచేత్తో తోస్తారు. బొత్తం కట్టుకోలేరు, కలం పట్టుకోలేరు. ఆ తోడేళ్లు కరిచినా ఏమీ కాదు, ఎవరాడినా గెలుస్తారు. కళ్లు మూసుకుని ఆడినా గెలుస్తారు!"

"అమ్మా, దయచేసి కూర్చోండి," అన్నాడు డాక్టరు. అతను సగం లేచి చెయ్యి చాపాడు. తన నోరు మూయించడానికే లేచాడనుకుందామె.

"అబద్ధం," అన్నాడు కొలబద్ద.

"ఎలుక గుర్తుందా? పద్నాలుగుసార్లు చంపిన ఎలుక? పదిహేనోసారి మూడు దెబ్బలకే ఎలా చచ్చింది?"

కొలబద్ద కళ్లు కదులుతున్నాయి, ఒక్కో గుహా ఒక్కో గుట్టా వెనక్కి నడుచుకుంటూ వెళ్తున్నట్టు.

"గుహలో రాక్షసి?" అన్నాడు కాసేపటికి.

"అదీ."

"కోట?"

"అన్నీ అంతే."

"అంటే మొదటి రోజు నించీ నువ్వే గెలిపిస్తున్నావు నన్ను."

ఆమె తల దించుకుంది. మేనేజరు ముక్కుతో నవ్వాడు. "ఓహో, ఇదా సంగతి! చిన్నపిల్లలకి పెట్టే ఆటన్నమాట. టీ కొట్టు దగ్గర మాకందరికీ ఎన్ని కథలు చెప్పావయ్యా!"

కొలబద్ద చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడ్డాడు. "సార్, నాకో కాగితం ఇవ్వండి."

"దేనికి?"

"మెషీను మీద నేను పనిచెయ్యగలనని రాసిస్తాను."

మేనేజరు కుర్చీలో ముందుకు జరిగి, ఎక్కడ మనసు మార్చుకుంటాడో అన్నట్టు గబగబా తెల్లకాగితం తీశాడు.

"నేనొప్పుకోను," అన్నాడు డాక్టరు. "నా రిపోర్టు..."

"మీ రిపోర్టు సలహా సార్. పనివాడు తన చేత్తో తానే రాసిస్తే రూలు ప్రకారం అదే చెల్లుతుంది. మీకూ తెలుసు."

డాక్టరు కొలబద్ద వైపు తిరిగాడు. "చూడండి, నా మాట వినండి. నేనా ఆట ఆడినన్నాళ్లూ ఎడమ చివరే ఆడాను. ఒక్కరోజు తప్ప కుడికి ఎప్పుడూ జరపలేదు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు."

"జాలి వద్దు సార్," అన్నాడు కొలబద్ద.

ఆమె పరుగున వెళ్లి అతని మోచెయ్యి పట్టుకుంది. "ఏవండీ, నిన్న మీరేగా అన్నారు, దాని దగ్గరికి వెళ్లలేనని..." అతను మోచెయ్యి విడిపించుకున్నాడు. విసురుగా కాదు, గుంపులో తగిలిన పరాయి మనిషిని తప్పించుకున్నట్టు.

ఎడమచేత్తో రాస్తాడనుకున్నారు. ఎనిమిది నెలలుగా ఎడమచేత్తోనే సంతకం నేర్చుకున్నాడు. అతను పెన్ను తీసి కుడిచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య దూర్చాడు. బొటనవేలు రాలేదు. ఎడమచేత్తో దాన్ని వంచి పెన్ను మీదికి తెచ్చాడు. అరచేతి మడమ కాగితం మీద ఆనించి, భుజం నించి నెట్టుకుంటూ రాయడం మొదలుపెట్టాడు. 'నేను' అని రాసేసరికి నుదుటి చెమట కాగితం మీద పడింది. పెన్ను రెండుసార్లు జారి బల్ల మీద దొర్లింది. రెండుసార్లూ తనే తీసుకున్నాడు. 'మెషీను' దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. మూడు మాటలు రాయడానికి మేనేజరు టీ చల్లారిపోయేంత సేపు పట్టింది. అక్షరాలు గుమ్మడికాయలంత వచ్చాయి, వంకర్లు పోయాయి, కానీ చదవొచ్చు. నేను మెషీను నడపగలను.

"పడుతోందిగా పెన్ను!" అన్నాడు మేనేజరు.

డాక్టరు సంచి తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి ఆమె వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది. తర్వాత వెళ్లిపోయాడు.

మేనేజరు కాగితాలన్నీ ఒక ఫైల్లో సర్ది ఆమె చేతికిచ్చాడు. "సోమవారం నించీ మెషీను మీదికని ఆర్డరు టైపు చెయ్యమ్మా. ఈ కవరు కూడా ఫైల్లో కుట్టెయ్యి. కొలబద్దా, పైకెళ్లి దాని మీద సంతకం పెట్టి వెళ్లు."

ఆమె తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. కవరుకి అంటించిన జిగురు ఇంకా విడలేదు. ఫైలుకి కుట్టాలంటే లోపలి కాగితం తీయాలి కాబట్టి అంచు కోసి తీసింది. ఒక్కటే కాగితం, చేతిరాత. తేదీ మంగళవారానిది, డాక్టరు ఇంటికొచ్చిన రోజుది.

'కుడిచేతి వేళ్లలో పట్టూ స్పర్శా లేవు. పరికరాన్ని తొడకు అదిమి నొక్కుతున్నారు. యంత్రం మీద పని ప్రమాదకరం. శాశ్వతంగా తేలికపని ఇవ్వవలెను.'

కింద ఇంకొన్ని పంక్తులు ఉన్నాయి.

'ఇంట్లో కంప్యూటరు ఆట ఆడుతున్నారు. అది అతి సులభస్థాయిలో ఉన్నట్టు గమనించాను. భార్య ఆయనకు తెలియకుండా అలా అమర్చినట్టుంది. ఆయన మనసు కోలుకోవడానికి మందులకంటే అదే ఎక్కువ మేలు చేస్తోంది. ఈ సంగతి ఆయన ఎదుట ఎవరూ ప్రస్తావించవద్దని కోరుతున్నాను.'

ఆమె చదివింది. మళ్లీ చదివింది. ఇంటర్‌కమ్ గరగరలాడింది. "అయిందా అమ్మా?" అన్నాడు మేనేజరు. అవుతోంది సార్ అంది. ఇలాంటి ఆర్డర్లు ఎన్ని చెయ్యలేదు? పాతదాంట్లో పేరూ తేదీ మారిస్తే చాలు. మార్చింది. ప్రింటరులోంచి కాగితం వెచ్చగా బయటికొచ్చింది.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. కొలబద్ద వచ్చి బల్లకి అవతలివైపు నిలబడ్డాడు. ఆమె ఆర్డరు ఇవ్వలేదు. డాక్టరు కాగితాన్ని అతని వైపు జరిపింది.

"ఇది చదవండి. చదివి మీరు రాసింది వెనక్కి తీసుకోండి. ఇంకా ఏమీ అవలేదు, నేను వెళ్లి చెప్తాను. తప్పంతా నాదే. కాళ్లు పట్టుకుంటాను, చదవండి."

అతను చదివాడు. పెదవులు కదుపుతూ, ఒక్కో పంక్తీ మీద ఎడమచేతి వేలు జరుపుతూ చదివాడు. ఆఖరి పంక్తి దగ్గర వేలు చాలాసేపు ఆగింది.

"ఈయనకీ తెలుసన్నమాట," అన్నాడు.

కాగితాన్ని ఆమె వైపు జరిపేసి, ప్రింటరు పళ్లెంలోంచి ఆర్డరు తనే తీసుకున్నాడు. పెన్నుని మళ్లీ కుడిచేతి వేళ్ల మధ్య దూర్చి సంతకం పెట్టాడు. పెన్ను మూత వెతికి, పెట్టి, బల్ల మీద తిన్నగా ఉంచాడు.

"సోమవారం ఎన్నింటికి రావాలండీ?" అని అడిగాడు.

ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"ఎనిమిదింటికి," అంది.